ముల్లు ఇరవైసార్లు లేచేదాకా

రన్‌కార్న్‌లో నవంబరు. నాలుగింటికే రాత్రి.
మెర్సీ మీద వంతెన దీపాలు
మజ్జిగలో తేలే పోపుగింజల్లా.
లోపల నీటితొట్టి మాత్రం
ఇరవై అయిదు డిగ్రీల దగ్గర
పట్టిన పట్టు విడవక గురగురమంటోంది.

ఒక సీసాలో బ్యూటనాల్:
పులిసిన గంజి మీద సారా చిలకరించిన వాసన.
ఇంకోదాంట్లో డైక్లోరోఈథేన్: తీపి,
నమ్మకూడని తీపి,
అందుకే గాజుతలుపు వెనక, చేతితొడుగులతో.

యాభై మిల్లీలీటర్లు. మరో యాభై.
కలిపి చూస్తే
నూరు గీత దాటి ఒక వెంట్రుకవాసి పైకి.
రెండో క్లాసు కూడిక
ఈ సన్నమెడ బుడ్డిలో తప్పయింది.

బుడ్డి పట్టిన అరచెయ్యి చల్లబడింది.
పుస్తకంలో ఉన్నదే, అయినా ప్రతిసారీ ఉలిక్కిపడతాను.
బ్యూటనాల్ అణువులు ఒప్పులకుప్ప తిరిగే పిల్లల్లా
చేతులు పెనవేసుకుని ఉంటాయి.
క్లోరిన్ బరువుతో ఎవరో నడుమ దూరితే
ఆ పట్టు విడవాలి, విడవాలంటే వేడి కావాలి.
నా చేతిలోంచే తీసుకున్నాయి,
పక్కింటివాళ్ళు కరివేపాకు తుంచుకున్నట్టు, అడక్కుండా.

హెడ్లీ ప్రాసర్ ముల్లు ముందు కూర్చున్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు క్లోరిన్ ఫ్యాక్టరీలో, కంప్రెసర్ల గదిలో.
ఆ గది అతని రెండు చెవులూ ఉంచేసుకుని
పింఛను చేతిలో పెట్టింది.
ఇప్పుడు వారానికి మూడు రోజులు
ద్రవాల్లో శబ్దం ఎంత వేగంగా పోతుందో కొలుస్తాడు.

మొదటిరోజు నేను అరిచి చెప్పాను,
స్ఫటికం సెకనుకి ఇరవై లక్షలసార్లు కంపిస్తుందని.
నా పెదవులు చదివి, గది అదిరేలా అన్నాడు:
"అయితే ఇక్కడ నువ్వూ చెవిటిదానివే."
నిజమే.
గబ్బిలానికి కూడా అందని శ్రుతి అది.

నేను మర తిప్పుతాను.
ద్రవంలో ఉక్కు బిళ్ళ పైకి జరుగుతుంది,
జుట్టు మందం, మరో జుట్టు మందం.
ముల్లు లేస్తుంది, పడుతుంది.
లేచిన ప్రతిసారీ సగం అల.
అలా ఇరవై.
ఇంగ్లీషులో లెక్కపెడితే తడబడతానని
తెలుగులో గొణుక్కుంటాను.
అతని కళ్ళు ముల్లు మీద కొంత, నా నోటి మీద కొంత.
మూడుకి పెదవులు కలుస్తాయి,
తొమ్మిదికి నడిమధ్య.
ఇరవైలో కింది పెదవి పంటికి తగలగానే పెన్ను దించుతాడు.
ఏడు అంటే ఏడవమని కూడా అర్థమని
ఇంకా చెప్పలేదు.

ఇవాళ మిశ్రమంలో దూరం
అయిదు పాయింట్ అయిదు తొమ్మిది.
వేగం దబ్బున పడిపోయింది!
రెండు ద్రవాల్లోనూ లేని నెమ్మది.
అప్పుడే మనసులో వ్యాసం మొదలెట్టాను,
పేరు కూడా పెట్టాను.

హెడ్లీ పెన్ను దించలేదు.
"రెండుసార్లు మూసుకునేవి
మూడు రావాలి," అన్నాడు.
"ఇవాళ రెండే వచ్చాయి."

ఏమిటవి?
వేళ్ళమీద చూసుకున్నాను.
పద్దెనిమిది. పంతొమ్మిది.
పదమూడు.
పదమూడు మింగేశాను,
పన్నెండు మీంచి పద్నాలుగుకి గెంతాను,
బస్సు తప్పిపోతుందనో,
చెయ్యి చల్లబడిందనో.

ఒక్క తెలుగు మాటకీ అర్థం తెలియదు అతనికి.
నా నోరు ఎలా నడుస్తుందో తెలుసు.

మళ్ళీ తిప్పాం.
అయిదు పాయింట్ ఎనిమిది తొమ్మిది.
శబ్దం నెమ్మదించిన మాట నిజమే, కొద్దిగా,
చేతులు సడలిన చోట నెమ్మదించినంత.
గీతకి కొంచెం కింద చుక్క పెట్టాడు.
సిరా ఆరకముందే బొటనవేలు తగిలి
ఆ చుక్కకి తోక మొలిచింది.
తుడవబోతే వద్దన్నాడు.

పదమూడు అనమన్నాడు ఒకసారి, మెల్లిగా.
అన్నాను.
మళ్ళీ అనమన్నాడు.